పొయ్యివైపు మలుపు

మా హోటలు వెనక గదిలో ఏముందో చోడవరంలో అందరికీ తెలుసు. ఎందుకుందో మాత్రం ఎవరికీ అర్థం కాదు. "ముసల్దానికి బొమ్మలాటేటి?" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీండి, నాకేం సిగ్గు. నవ్విన నోళ్ళన్నిటికీ పొద్దున్నే ఇడ్లీలు పెట్టేది నేనే.

నా పేరు మంగాయమ్మ. బస్సులు ఆగేచోట, రోడ్డువారన టిఫిన్ హోటలు నడుపుతున్నాను. ముందు గదిలో బల్లలు, దాని వెనక పొయ్యిలు. పొయ్యిల గోడకి అవతల పొడుగాటి గది ఒకటుంది. ఆ గదిలో కాలు పెట్టడానికి చోటు లేకుండా ఒక పెద్ద చెక్కబల్ల. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక దారి, ఆ దారి పొడుగునా పక్కపక్కనే రెండు గాడులు. ఒక్కో గాడిలో ఒక్కో బొమ్మకారు పరుగెడుతుంది. కారు కింద ఉన్న చిన్న ఇత్తడి మేకు గాడిలోకి దిగి దాన్ని దారిలో ఉంచుతుంది. గాడికి అటూ ఇటూ పరిచిన రాగిరేకుల్లోంచి కరెంటు అందుతుంది. కరెంటంటే గోడలోంచి వచ్చేది కాదు, బస్సు బ్యాటరీది.

ఇదంతా మా ఆయన గణపతిరావు చేసిన పని. ఆయన బస్సు కంపెనీలో లైట్లు, హారన్లు, డైనమోలు బాగుచేసేవాడు. తెల్లవాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోయే రోజుల్లో విశాఖపట్నంలో ఎవరో దొరగారి సామాను వేలం వేస్తున్నారని వెళ్ళాడు. అందరూ కుర్చీలూ బీరువాలూ పాడుకుంటుంటే ఈయన పిల్లల బొమ్మరైళ్ళ పెట్టె పాడుకుని నెత్తిన పెట్టుకొచ్చాడు. అప్పటికి మా ఇంట్లో తిన్నగా నిలబడే కుర్చీ ఒక్కటి లేదు. నా నోరు సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టి ఆరోజు నేనేమన్నానో మళ్ళీ చెప్పనవసరం లేదు.

ఆ రైళ్ళ పొట్టలు కోసి మోటార్లు బయటికి తీశాడు. ఏటికొప్పాకలో అంకుడుకర్రతో నాలుగు కార్లు చెక్కించి లక్కరంగులు వేయించాడు. "రైలు చక్కగా పోతుండేది కదా, దాని పీక కోసి కారు సేయడమేటి?" అనడిగాను. "పట్టాల మీద ఓ రైలు ఇంకో రైలుని దాటగలదేటే? దాటలేనప్పుడింక పందెమేటుంది?" అన్నాడు. ఆ దాటడం కోసమే ఆ బల్ల, ఆ గాడులు. కారు నడపడానికి ఒక్కో గాడికి ఒక బస్సు హారన్ బటన్ బిగించాడు. నొక్కితే పరుగెడుతుంది, వదిలితే ఆగుతుంది. అంతకన్నా ఏమీ లేదు. మలుపులో వదలకుండా నొక్కేస్తే మేకు గాడిలోంచి లేచిపోయి కారు బల్ల అవతల పడుతుంది. "నొక్కడం ఎవడైనా నొక్కుతాడు. వదలడంలోనే ఉంది పనితనం" అనేవాడు మా ఆయన.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది మొదటి పందెం జరిగింది. పేపర్లో ఫుట్‌బాల్ వార్తలు చదివి దీనికి లీగు అని పేరు కూడా పెట్టాడు. లీగంటే నలుగురు, గాడులు రెండే కాబట్టి ఒకసారికి ఇద్దరు. పచ్చకారు మా ఆయనది. తెల్లకారు తోమాది, బస్సుల దగ్గరే వాచీలు బాగుచేసుకునే అతను. ఎర్రకారు బెల్లం వ్యాపారం చేసే పరదేశిది. పసుపుకారు క్షౌరం చేసే దాసుది. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి, తోమా చర్చి నుంచి ఇంటికెళ్ళి భోంచేసి ఓ కునుకు తీసి వచ్చేసరికి, మొదలుపెట్టేవారు. కళ్ళు మూసుకుని ఓ ముక్క ప్రార్థన చేసుకుంటే గాని తోమా బటన్ మీద చెయ్యి పెట్టడు. "నీ దేముడు నీ పక్కనుంటే మా అమ్మోరు నా పక్కనుంటాది, కానీరా!" అని పరదేశి తొందరపెట్టేవాడు. బ్యాటరీని కంపెనీ బస్సులోంచి తెచ్చేవాడు మా ఆయన. సోమవారం పొద్దున్న అనకాపల్లి బస్సు కదలక జనం దిగి తోస్తుంటే, ఏమీ ఎరగనట్టు ఆయన కూడా వెనకనుంచి ఓ చెయ్యి వేసేవాడు.

ఆ లీగుకి ఒక్కటే కట్టుబాటు. పడిపోయిన కారుని ఎవరిది వాళ్ళు ఎత్తుకోకూడదు. ఆడుతున్నవాళ్ళు బటన్ దగ్గర్నుంచి కదలకూడదు, ఆడనివాళ్ళు మలుపుల దగ్గర నిలబడి పడినదాన్ని ఎత్తి మళ్ళీ గాడిలో పెట్టాలి. పగవాడిదైనా పెట్టాలి. ఎత్తడానికి ఆలస్యం చేశావంటే వచ్చే ఆదివారం నీ కారు పడినప్పుడు నిన్నూ అలాగే ఏడిపిస్తారు. అందుకని అందరూ బుద్ధిగా ఎత్తేవారు.

వీధివైపు మలుపు దగ్గర ఆ పూట ఖాళీగా ఉన్న వాళ్ళెవరో నిలబడేవారు. పొయ్యివైపు మలుపు మాత్రం ఎప్పుడూ నాదే. అక్కణ్ణుంచైతే గుమ్మంలోంచి పాలు కనిపిస్తాయి, పొంగితే ఒక్క అంగలో వెళ్ళి దింపొచ్చు. "నువ్వూ ఓసారి నొక్కవే" అని మా ఆయన ఎన్నిసార్లు అన్నా నేను బటన్ ముట్టుకోలేదు. నాకు నా మలుపే బాగుండేది. ఎందుకో ఇప్పుడు చెప్తాను. మా వైపు అక్కని అప్ప అంటారు. కారు పడగానే మా ఆయన "పడిందే!" అని, మిగతా ముగ్గురూ గొంతు చించుకుని "అప్పా, పడింది!" అని అరిచేవారు. హోటల్లో రోజంతా నన్ను పిలిచేవాళ్ళే. సాంబారు పొయ్యమని, నీళ్ళు తెమ్మని, చిల్లర లేదని. అది పిలుపు కాదు, పని. ఆదివారం సాయంత్రం మాత్రం నలుగురు మగాళ్ళ ప్రాణం నా చేతిలో ఉన్నట్టు పిలిచేవారు. నేనొక్క క్షణం అటు తిరిగానంటే "అప్పా! అప్పా!" అని గంతులేసేవారు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో అంత గట్టిగా నన్ను పిలిచిన గొంతులు ఆ పూట తప్ప ఇంకెప్పుడూ లేవు.

కిందటేడు వానాకాలంలో మా ఆయనకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. వారం తిరక్కుండా మనిషి వెళ్ళిపోయాడు. ఒక్క మనిషి లేకపోతే ఇల్లు ఇంత పెద్దదైపోతుందని నాకు తెలీదు. పగలు ఫరవాలేదు, హోటల్లో జనం ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం బస్సులు తక్కువ, బేరాలు తక్కువ. ఆ పూట గడవడం కష్టంగా ఉండేది.

పెద్దకర్మ అయిన తరవాత ఆదివారం నేనే వెళ్ళి వాళ్ళ ముగ్గురినీ పిలిచాను. వచ్చారు. ఆడారు. కానీ పరదేశి మధ్యలోనే బటన్ వదిలేసి గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. వాడు మా ఆయన్ని బావా అనేవాడు, నన్ను అప్పా అనేవాడు. చుట్టరికమేమీ లేదు, ఎన్నో ఏళ్ళ ఆదివారాల చుట్టరికం. "బావ లేని పందెం పందెమేటప్పా, నానింక రాలేను" అని వెళ్ళిపోయాడు. ఏడ్చే హక్కు వాడికొక్కడికే ఉన్నట్టు!   కొన్నాళ్ళకి దాసుకి విశాఖపట్నంలో ఎవరో పెద్ద సెలూన్‌లో పని దొరికింది. దువ్వెనలూ కత్తులూ సంచిలో వేసుకుని బస్సెక్కేముందు హోటలుకొచ్చి పసుపుకారు తీసి చూసుకుని, మళ్ళీ అలమరలో పెట్టి వెళ్ళాడు.

మిగిలింది తోమా ఒక్కడు. ఒంటిచేత్తో చప్పట్లు మోగవు కదా, పందేనికి ఇద్దరుండాలి. అప్పుడు నేను నా మలుపు వదిలి మా ఆయన బటన్ దగ్గరికి వచ్చాను. ఒక పాత బ్యాటరీ కొని, దాన్ని రైసుమిల్లుకి రిక్షాలో పంపించి చార్జి చేయించేదాన్ని. మొదట్లో పచ్చకారు నా చేతిలో అడుగడుక్కీ పడేది. ఇద్దరమే కాబట్టి మలుపుల్లో నిలబడేవాళ్ళు లేరు. నా కారు పడితే తోమా తన కారు ఆపి వచ్చి ఎత్తేవాడు. అతనిది పడితే నేను ఆపి వెళ్ళేదాన్ని. "ఇది పందెం కాదు తోమా, ఇద్దరు ముసిలోళ్ళు ఒకరి సెప్పులొకరు ఎతికిచ్చుకున్నట్టుంది" అన్నానోసారి. అతను చాలాసేపు నవ్వాడు. ఆ తరవాత ఇద్దరం టీ తాగేవాళ్ళం. మా ఆయన మాట ఎత్తేవాడు కాదు, కానీ ఆయన కూర్చునే స్టూలు మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఆ వారానికి నాకు అది చాలు.

అలా ఏడాది తిరిగింది. మార్గశిరం వచ్చింది, చెరుకు కొట్టడం మొదలైంది. రోలుగుంట రోడ్డంతా చెరుకుబళ్ళు. ఎటుచూసినా బెల్లం వండుతున్న వాసన. ఒకరోజు పరదేశి వచ్చి రెండట్లు తిని, చెయ్యి కడుక్కుంటూ వెనకగదిలోకి తొంగిచూసి, తలెత్తి పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఏటి సూస్తన్నావు? తిన్నింటి వాసాలు లెక్కెడతన్నావేటి?" అన్నాను.

"అబ్బే, లేదప్పా. నీ కప్పు కారదు కదా అని."

"నా కప్పు కారితే నీకేటి, కారకపోతే నీకేటి?"

నీళ్ళు నమిలాడు. అసలు సంగతి బయటపడింది. వాడి గోదాములో చెమ్మ. నిరుడు బెల్లం చెమ్మతగిలి కరిగిపోయింది. "నీ గదికి పొయ్యిల గోడ ఉంది. ఏడాది పొడుగునా ఎచ్చగుంటాది. ఇలాంటి గది ఊళ్ళో ఇంకోటి లేదప్పా. అద్దె నువ్వేటంటే అదే. ఆ బల్ల... ఇప్పుడెవరాడతన్నారు కనక?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరాడతన్నారా? నేనాడతన్నాను! తోమా ఆడతన్నాడు! నువ్వు ఏడ్సుకుంటూ పారిపోయేవని లీగు ఆగిపోయిందనుకున్నావేటి? ఇదిగో ఇను. పందెం జరగని ఆదివారం ఒక్కటొస్తే, ఆ మర్నాడే నీ బెల్లం తెచ్చి దింపుకో. అప్పటిదాకా ఆ గది మాటెత్తితే నీకు ఇడ్లీ ముక్క పెట్టను."

హోటలు ముందు బస్సు కోసం నిలబడ్డ పదిమందీ విన్నారు. మాటంటే మాటే. వాడు కండువా దులుపుకుని "సరేలే అప్పా, నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

నా నోటికి తాళం లేదని మా అమ్మ చిన్నప్పుడే అన్నది. అన్నట్టే ఆ వచ్చే ఆదివారమే తోమా పందెం అయ్యాక టీ తాగకుండా గ్లాసు చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు.

"అప్పగారూ, మా మావగారికి దేవరాపల్లిలో పక్షవాతం వచ్చింది. మా ఆవిడ కరుణమ్మ ఒక్కర్తే కూతురు. పొలం సూసుకునే దిక్కు లేదు. షాపు కట్టేసి ఎల్లిపోవాలండి."

"ఎప్పుడు?"

"బుధారం."

"ఆదివారాలు రావచ్చు కదా?" అన్నాను. అని, నాలిక కరుచుకున్నాను. పక్షవాతం మనిషిని మంచంలో పెట్టుకున్నవాడితో అనాల్సిన మాటా అది?

అతను తెల్లకారుని గుడ్డతో తుడిచి అలమరలో పెట్టాడు. "మీకోసం ప్రార్థన సేస్తానండి" అన్నాడు. ప్రార్థన ఆదివారం నాలుగింటికి వచ్చి బటన్ నొక్కదు కదా. కానీ అతని మొహం చూసి ఆ మాట నోట్లోనే మింగేశాను. మా ఆయన పోయాక నేను నోరు అదుపులో పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

ఆ వారమంతా మనిషి కోసం వెతికాను. ఇడ్లీ తినేవాణ్ణి, అట్టు తినేవాణ్ణి, బస్సు కోసం నిలబడ్డవాణ్ణి, ఎవర్నీ వదల్లేదు. బుచ్చయ్యపేట రైతొకాయన గదిలోకొచ్చి అంతా చూసి, "గెలిస్తే ఏటిస్తావమ్మా?" అన్నాడు. "ఏమీ ఇవ్వను" అన్నాను. "మరైతే ఎందుకాడతారు?" అన్నాడు.  ఆయన పాపం మర్యాదగానే, బస్సు వస్తోందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తరవాత బస్సు కండక్టరు పెదబాబుని పట్టుకున్నాను. వాడు పెసరట్టు తిని, ఇంకోటి తిని, బటన్ మీద చెయ్యేసి ఒక్కసారిగా నొక్కిపట్టాడు. పసుపుకారు నా పొయ్యివైపు మలుపులో ఎగిరి, గుమ్మం దాటి, రుబ్బిన పిండిలో పడింది. పెదబాబు పొట్ట పట్టుకుని నవ్వి, "ఆదివారం డ్యూటీ పిన్నమ్మా!" అని విజిలేసుకుంటూ పోయాడు. ఆ పిండి పారబోశాను. దాసు కారుని కడిగి ఆరబెడుతుంటే ఏడుపొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఎవరూ రారని తెలిసీ బ్యాటరీ తగిలించాను. రాగిరేకులు చింతపండుతో తోమాను. టీకి నీళ్ళు ఎప్పటిలాగే నలుగురికీ సరిపడా పెట్టాను. నాలుగైంది. వీధిలో చెప్పుల చప్పుడైనప్పుడల్లా చూశాను. బెల్లం వస్తే వచ్చింది, గది పోతే పోయింది, ఎవరో ఒకరు లోపలికొచ్చి ఆ బల్ల ముందు నిలబడాలి, అంతే. అంతకన్నా నేను దేవుణ్ణి అడిగింది ఏమీ లేదు.

వచ్చింది పరదేశి. చంకలో గొడుగు, చేతిలో కొలతకర్ర. తోమా వెళ్ళిపోయిన సంగతి వాడికి ఎప్పుడో తెలిసిపోయింది.

"జరగలేదు కదప్పా పందెం?" అన్నాడు నెమ్మదిగా. గెలిచినవాడిలా అనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

"ఇంకా పొద్దుంది. ఆ కర్ర అక్కడ పడేసి ఇలా రా."

"ఎందుకు?"

"పందేనికి ఇద్దరు కావాలి. నేనొకదాన్ని. నువ్వొకడివి. నువ్వు గెలిస్తే రేపే నీ బెల్లం దింపుకో. నేను గెలిస్తే ఈ సీజను దాటేదాకా ఈ గది వంక సూడకు. ఏటి, భయవేస్తందా?"

"నీతోనా భయం?" అన్నాడు. అని అలమర దగ్గరికి వెళ్ళి ఎర్రకారు తీశాడు. చక్రం వేలితో తిప్పి చూసి ఆశ్చర్యపోయాడు. అది గిర్రున తిరిగింది. "నూనె ఎవరేసేరు?"

"దెయ్యాలేసేయి. నిలబడు."

ఇరవై చుట్లు పందెం. ఎవరి చుట్లు వాళ్ళు పైకి లెక్కపెట్టుకోవాలి. వాడు మా ఆయనకి ఎదురుగా నిలబడే చోటే నిలబడ్డాడు, కండువా నడుముకి బిగించాడు. నేను "కానీ" అన్నాను. ఆ గదిలో మళ్ళీ రెండు మోటార్ల రొద లేచింది. నాకు ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఎంత బాగుందో చెప్పలేను.

పరదేశి ఆట ఏమీ మారలేదు. వాడికి నొక్కడమే తెలుసు. తిన్నటి దారిలో ఎర్రకారు నన్ను దాటిపోయేది, మలుపులో తోక ఊపి తడబడేది. నాకు మలుపులు తెలుసు. అన్నేళ్ళు పొయ్యివైపు మలుపులో నిలబడి ఏ కారు ఎక్కడ లేస్తుందో, ఎందుకు లేస్తుందో చూసినదాన్ని. ఎక్కడ వదలాలో నా వేలికే తెలిసిపోయేది. పచ్చకారు ఒక్కసారి కూడా పడలేదు. పది దాటేసరికి సమంగా ఉన్నాం. పదిహేనుకి నేను పావు చుట్టు ముందున్నాను.

"ఎప్పుడు నేర్సేవప్పా ఇదంతా?" అన్నాడు వాడు, మొహం ఎర్రబడి.

"నువ్వు ఏడ్సుకుంటూ పోయినప్పట్నించీ."

వాడు నవ్వాడు. మునుపటి నవ్వు. నేనూ నవ్వాను. ఒక్క నిమిషం వాడు బెల్లం సంగతి మర్చిపోయాడు, నేను గది సంగతి మర్చిపోయాను. పద్ధెనిమిది. పంతొమ్మిది. ఆఖరి చుట్టు. నా కారు పొయ్యివైపు మలుపు దాటేసింది, వీధివైపు మలుపు కూడా దాటి తిన్నటి దారిలోకి వచ్చింది. పందెం ముగిసే గీత కనిపిస్తోంది. వెనకబడ్డవాడు ఇక ఆగుతాడా, మలుపులో బటన్ నొక్కిపట్టేశాడు. ఎర్రకారు పొయ్యివైపు మలుపులో గాడిలోంచి లేచి గోడకి కొట్టుకుని కింద పడింది.

"అప్పా, పడింది!" అని అరిచాడు పరదేశి.

నా చెయ్యి బటన్ మీంచి లేచిపోయింది. ఆలోచించింది లేదు. గబగబా వెళ్ళాను, వంగాను, ఎర్రకారు ఎత్తి, కొంగుతో మేకు తుడిచి, గాడిలో పెట్టాను. పెట్టగానే వాడి వేలు అలవాటుగా నొక్కింది. ఎర్రకారు నా చేతికిందనుంచి దూసుకుపోయింది. వీధివైపు మలుపు తిరిగింది, తిన్నటి దారిలో గీతకి జానెడు దూరంలో ఆగిపోయి ఉన్న పచ్చకారుని దాటి, గీత దాటి వెళ్ళిపోయింది.

 పరదేశి బటన్ వంక చూశాడు, నా వంక చూశాడు.

"అదేటప్పా? గీతకి జానెడు దూరం! ఎందుకొగ్గేసేవు?"

"నువ్వు పిలిచేవు కదరా" అన్నాను.

వాడి మొహంలో రంగు పోయింది. మోసం చెయ్యాలని పిలవలేదు వాడు, నాకు తెలుసు. నోటికి అలవాటైన పిలుపు వాడిది. దానికి అలవాటైన కాళ్ళు నావి. కొలతకర్ర తీసుకుని చాలాసేపు నేలమీద గీసుకుంటూ నిలబడ్డాడు.

"ఇది గెలుపు కాదప్పా. నాకొద్దీ గది. బెల్లం ఎక్కడో సోట పెట్టుకుంటాను. నీ బల్ల నువ్వుంచుకో."

ఆ మాటకి సంతోషించాలి నిజానికి. వాడి చెయ్యి పట్టుకుని మంచివాడివిరా అనాలి. నేను ఇంకో మాట అడిగాను. నా నోరు ఊరుకోదు కదా.

"గదుంచుకుని ఏటి సేసుకోమన్నావురా? వచ్చే ఆదివారం నువ్వొస్తావా?"

వాడు గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"సీజను కదప్పా. అనకాపల్లి మార్కెట్టు... ఆదివారం బళ్ళు లోడింగు... సూద్దాంలే, కుదిరితే..."

గది అడక్కుండానే ఇచ్చేశాడు. ఒక ఆదివారం అడిగితే వాడి దగ్గర లేదు. అబద్ధం చెప్పి వస్తానన్నా బాగుండేది. కానీ పరదేశికి అబద్ధం ఆడటం చేతకాదు, వ్యాపారంలో తప్ప.

"అయితే రేపే బెల్లం దింపు" అన్నాను. "గోడకి ఆనించకు, వేడికి కరుగుతుంది. కింద తాటాకు సాపలు పరిసి ఆ మీద పెట్టు. సుత్తి తెచ్చి బల్ల నువ్వే ఇప్పు. రాగిరేకులు ఇరిగితే ఊరుకోను."

"అప్పా..."

"గెలిచేవు. ఎల్లు. సీకటి పడతంది."

గుమ్మం దగ్గర ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళిపోయాడు. టీ అయినా తాగలేదు. నలుగురి టీ మరిగి మరిగి అడుగంటింది.

నేను మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాను. పచ్చకారు గీతకి జానెడు దూరంలో అలాగే ఉంది. బటన్ నొక్కాను. గీత దాటింది. వదలబుద్ధి కాలేదు. ఇంకో చుట్టు తిరగనీ అనుకుని అలాగే నొక్కి ఉంచాను. పొయ్యివైపు మలుపు దగ్గరికి వచ్చినప్పుడు వదలాలని వేలికి తెలుసు, నాకు తెలుసు. వదల్లేదు. పచ్చకారు గాడిలోంచి లేచి, గోడకి కొట్టుకుని, చక్రాలు పైకి పెట్టి పడింది. చక్రాలు కాసేపు తిరిగి ఆగిపోయాయి.

బటన్ దగ్గర్నుంచి కదలకూడదు. అది కట్టుబాటు. కదలకుండానే నిలబడ్డాను. వీధిలో చెరుకుబళ్ళు పోతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"పడింది" అన్నాను పైకి.

ఎవరూ రాలేదు. ఎవరొస్తారు. నేనే వెళ్ళి, వంగి, నా కారు నేనే ఎత్తుకున్నాను.